మూడో రేకు

ఫిబ్రవరి పదకొండు. 0.30.

రెండో నంబరు లాంచి ఇంజను పైకవరును విప్పి వెల్లకిలా తిప్పితే, లోపలి వైపు చివరి వరుసలో ఈ రెండే కనిపిస్తాయి: మొనదేలిన ఉక్కు పుల్లతో గీకిన ఒక తేదీ, ఒక అంకె. వాటి పైన అలాంటి వరుసలు ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఎక్కడా సంతకం లేదు. సంతకంతో పని కూడా లేదు. ఆ రేవులో తిరిగే నాలుగు లాంచీల ఇంజన్లకు వాల్వుల సందు సరిచేసే మనిషి ఇరవై ఆరేళ్ళుగా ఒక్కడే.

అతన్ని అందరూ పాయింటు మేస్త్రి అంటారు. మిల్లీమీటరులో నూరో వంతును అతను పాయింటు అంటాడు. ఆ కొలత ఇంజన్ల దగ్గర ఆగకుండా ఎప్పుడో అతని ఇంట్లోకి కూడా వచ్చేసింది. కూరలో ఉప్పు రెండు పాయింట్లు ఎక్కువైందనేవాడు. ఎదురింటాయన మాటకూ మాటకూ పొంతన లేకపోతే, పాపం నాలుగు పాయింట్లు లూజనేవాడు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే భార్య, మీ నోరు మాత్రం ఎప్పుడూ ముప్ఫై పాయింట్లు లూజే అని, తలెత్తకుండానే జవాబిచ్చేది.

అతని పని చెప్పుకోవడానికి చిన్నదే. డీజిల్ ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలిని లోపలికి రానిస్తుంది. రెండోది, ఎగ్జాస్టు వాల్వు, పొగను బయటికి పంపుతుంది. వాల్వు కాడకూ, దాన్ని పైనుంచి నొక్కే రాకరు అనే చిన్న ఉక్కు చేతికీ మధ్య, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నాలుగు వెంట్రుకలు పట్టేంత సందు ఉండాలి. వేడికి ఉక్కు సాగుతుంది; ఆ సాగుడుకు చోటు కావాలి. సందు ఎక్కువైతే ఇంజను టకటకమని సణుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. తక్కువైతే సణగదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, మూసుకోని ఆ అంచులోంచి మంట దూరి, కొన్ని వారాల్లో దాన్ని కొరికేస్తుంది. మేస్త్రి కవరులో ఎగ్జాస్టు అంకె మాత్రమే రాసేవాడు. గాలి వాల్వుకు ఇరవై ఐదు పాయింట్లు పెట్టినా దాన్ని రాయడు. కాలిపోయేదాని గురించే రాసుకోవాలి అనేవాడు.

సందును కొలిచేది ఫీలరు గేజి. విసనకర్రలా విచ్చుకునే పలుచని ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకుకు ఒక్కో మందం. మేస్త్రి గేజికి రేకులు ఎనిమిది. వాటి మీద చెక్కిన అంకెలు అరిగిపోయి చాలా ఏళ్ళయింది. కొత్తది తెచ్చుకోమని బావ ఎన్నిసార్లు పోరినా వినలేదు. రేకుల్ని బొటనవేలితో ఒక్కసారి అలా జారవిడిచి, కావలసినదాన్ని పైకి తీసి, చూడకుండానే సందులోకి తోయడం అతని అలవాటు. తోసేటప్పుడు ముఖం నది వైపు తిప్పుకునేవాడు. కావాలనే తిప్పుకునేవాడు. నలుగురూ చూస్తున్నారని అతనికి తెలుసు.

బావ అంటే అతని అక్క భర్త, రెండో నంబరు లాంచి డ్రైవరు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఆ రేవులోనే లాంచి నడుపుతున్న మనిషి. ఫిబ్రవరి పదకొండు ఉదయం, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజను దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మేస్త్రి చెప్పినప్పుడల్లా పొడవాటి స్పానరుతో ఇంజనును కొద్దికొద్దిగా తిప్పడం బావ వంతు.

"నెల రోజుల్నించి టకటకలాడుతోంది, నీకు ఇప్పుడా తీరింది? మీ అక్క కంటే ఎక్కువ సణుగుతోందిరా."

"అక్క సణుగుడు నా చేతిలో లేదు బావా. అది కంపెనీ ఫిట్టింగు."

బావ నవ్వి స్పానరు తిప్పాడు. అంతకు వారం ముందు రేవులో టీ కొట్టు దగ్గర నలుగురి మధ్యా, మా బావమరిది దొరగారు ఇంకో రెండు రోజుల్లో రాకపోతే నేనే రెంచీ పట్టుకుని బిగించేస్తానని అన్నానని కూడా చెప్పాడు. నువ్వు బిగిస్తే నది మధ్యలో ఈదుకుంటూ రావాలి అన్నాడు మేస్త్రి. ఒకటో సిలిండరు, తరవాత మూడోది అయ్యాయి. టీ వచ్చింది. మేస్త్రి గేజిని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి, టీ తాగి, మళ్ళీ తీసుకున్నాడు. నాలుగు, రెండు పూర్తి చేశాడు. కవరులో తేదీ గీకాడు, అంకె గీకాడు. ఇంజను స్టార్టు చేస్తే నున్నగా, పట్టుబట్ట జారినట్టు తిరిగింది. బావ దాని మీద చేయి వేసి తల ఊపాడు.

అప్పటికి పది నెలలుగా మేస్త్రి వేలికొసల్లో స్పర్శ లేదు.

మొదట్లో చలికి తిమ్మిరనుకున్నాడు. తరవాత గ్రీజు వల్లనుకున్నాడు. చక్కెర జబ్బు నరాల్లోకి దిగిందనీ, పోయిన స్పర్శ తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దనీ అవతలి ఒడ్డు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఆ చీటీని మడిచి, పాత రెంచీల డబ్బాలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. భార్యకు చెప్పలేదు. ఆమెకు తెలియదని కాదు. పొద్దున్నే చొక్కా గుండీలతో అతను కుస్తీ పడుతున్నప్పుడు ఆమె ఎప్పుడూ మిషను మీదికి వంగే ఉండేది. ఒక నెలలో, ఏమీ అనకుండా, అతని ఐదు చొక్కాలకూ లోపలి వైపు టిచ్ బటన్లు కుట్టి, పైన పాత గుండీలను అలంకారానికి వదిలేసింది. మొదటి రోజు ఆ చొక్కా వేసుకున్నప్పుడు అది టప్పున మూసుకుంది. ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

వేళ్ళు చేయలేని పనిని అతను లెక్కతో చేయడం నేర్చుకున్నాడు. గేజిని మందపు రేకు వైపు నుంచి పట్టుకుంటే, మూడోది ముప్ఫై పాయింట్లు, నాలుగోది ఇరవై ఐదు. బొటనవేలు జారుతున్నట్టే కనబడేది. నిజానికి లోలోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాడు. పది నెలల్లో నాలుగు ఇంజన్లకూ అలాగే పెట్టాడు. ఏ ఇంజనూ తప్పు పట్టలేదు. ముఖాన్ని నది వైపు తిప్పుకోవడం మాత్రం మానలేదు. మానితే ఎవరైనా ఎందుకని అడుగుతారు.

మార్చి ఇరవై రెండున, అంటే ముప్ఫై తొమ్మిది రోజులకు, రెండో నంబరు లాంచి నలభై ముగ్గురు ప్రయాణికులతో నది మధ్యలో ఉండగా ఇంజను బలం చచ్చిపోయింది. దబదబమని కొట్టుకుని, తెల్లటి పొగ కక్కి, ఆగింది. ప్రవాహానికి కొట్టుకుపోతున్న లాంచిని బావ చుక్కానితోనే మళ్ళించి పాత రేవు గుంజలకు ఆనించాడు. ఆ తాకిడికి, కూరగాయల బుట్టతో నిలబడి ఉన్న ఒక ముసలావిడ పడిపోయి, ఎడమచేయి మణికట్టు విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. అందరూ ఒడ్డు చేరాక బావ ఆమెను తన చేతుల మీద రిక్షా వరకూ మోసుకెళ్ళాడు.

మరునాడు ఇంజను విప్పారు. లాంచీల కంపెనీ మేనేజరు, మిగతా ముగ్గురు డ్రైవర్లు, బావ, మేస్త్రి ఇంజను గదిలోనూ గుమ్మంలోనూ నిలబడ్డారు. నాలుగో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు కొరికిన బిస్కెట్టులా ఉంది. అక్కడ సందు అన్నదే లేదు. మేనేజరు కొత్తగా కొన్న గేజితో, అంకె చూసుకుంటూ, మిగతా వాల్వులు కూడా కొలిపించాడు. ఒకటో సిలిండరు సరిగా ఉంది. మూడోది సరిగా ఉంది. రెండో సిలిండరులో గాలి వాల్వుకు ఇరవై పాయింట్లు, ఎగ్జాస్టుకు పదిహేను.

ఇరవై, పదిహేను అన్న మాటలు చెవిన పడగానే మేస్త్రి మనసులో రేకుల్ని మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. పలుచని రేకు వైపు నుంచి లెక్కపెడితే నాలుగోది ఇరవై, మూడోది పదిహేను. టీకి ముందు చేసిన రెండు సిలిండర్లూ సరిగా ఉన్నాయి. టీ తరవాత చేసినవి రెండూ తప్పాయి. తుడిచి బల్ల మీద పెట్టిన గేజిని అతను తలకిందులుగా తీసుకున్నాడు. అంకెలు ఉండి ఉంటే కన్ను పట్టుకునేది. స్పర్శ ఉండి ఉంటే చర్మం పట్టుకునేది. రెండూ లేని చోట లెక్క ఒక్కటే మిగిలింది, ఆ లెక్క అటునుంచి మొదలైంది.

మేనేజరు కవరును వెల్లకిలా తిప్పి లోపలి రాతను పైకి చదివాడు. ఫిబ్రవరి పదకొండు, ముప్ఫై. అక్కడున్న వాళ్ళెవరికీ ఆ రాత మీద అనుమానం రాలేదు. మేస్త్రి ముప్ఫై అని రాశాడంటే ముప్ఫై పెట్టినట్టే. ఇంజను వేరే మాట చెబుతోందంటే మధ్యలో ఇంకెవరో చేయి పెట్టి ఉండాలి. ఇంజను గది తాళం ఉండేది డ్రైవరు దగ్గర. రెంచీలు ఉండేదీ అతని దగ్గరే. టీ కొట్టు దగ్గర అన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. అన్నది నిజమేనా అని మేనేజరు అడిగితే, నిజమే, నవ్వులాటకి అన్నాను అన్నాడు బావ. ఆ మాట అక్కడ ఎవరికీ నవ్వులాటగా వినబడలేదు.

చివరగా మేనేజరు ఇటు తిరిగాడు. "మేస్త్రీ, నువ్వు పెట్టింది ముప్ఫయ్యే కదా?"

"రాసింది అదే కదండీ," అన్నాడు మేస్త్రి.

అబద్ధం చెప్పలేదు. ఆ సంగతిని ఆ తరవాత రోజుల్లో అతను తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. ప్రతిసారీ అది ఇంకాస్త పెద్ద అబద్ధంలా వినబడింది.

బావను లాంచి ఎక్కవద్దన్నారు. ముసలావిడ చేయి విరిగిన వ్యవహారం తేలేదాకా ఇంట్లోనే ఉండమనీ, ఆ తరవాత ఉద్యోగం ఉంటుందని అనుకోవద్దనీ మేనేజరు మర్యాదగానే చెప్పాడు. బావ తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఒడ్డుకు వచ్చాక, పక్కన నడుస్తున్న బావమరిదితో, పోనీలేరా, నీ మీదికి రాలేదు, అదే సంతోషం అన్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. మేస్త్రి రోజూ పనిలోకి వెళ్ళాడు. నాలుగో నంబరు లాంచికి ఆయిలు మార్చాడు, పంపు గ్యాస్కెట్టు వేశాడు. వాల్వుల జోలికి మాత్రం వెళ్ళలేదు. ఒకటో నంబరు లాంచికి ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, సరిచేసే గడువు వచ్చిందని మేనేజరు రెండుసార్లు గుర్తు చేశాడు. నడుం పట్టేసిందని మేస్త్రి రెండుసార్లూ తప్పించుకున్నాడు. చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే బావ పని పోతుంది. ఈ రెండు వాక్యాలను ఎటునుంచి పేర్చినా లెక్క ఒకేలా తేలుతోందని అతనికి తెలుసు, అయినా రోజూ పేరుస్తూనే ఉన్నాడు. తనకు యాభై ఎనిమిది, బావకు అరవై ఒకటి. బావ ఎలాగూ రెండేళ్ళలో దిగిపోవలసినవాడే కదా అనుకున్నాడు ఒక రోజు. అలా అనుకున్నందుకు ఆ పూట అన్నం సహించలేదు. భార్య ఏమైందని అడగలేదు. కంచం తీసి, మజ్జిగ గ్లాసు పెట్టి వెళ్ళింది.

ఏప్రిల్ నాలుగున అక్క కబురు పంపింది. మీ బావ వాలకం నాకేం బాగాలేదు, ఒకసారి వచ్చి మాట్లాడిపో అని.

వాళ్ళ ఇల్లు రెండు గదులది, రేవుకు మూడు వీధుల అవతల. అక్క గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించి చెప్పింది: తలుపు గడియ పెట్టానా అని రాత్రికి నాలుగుసార్లు లేచి చూసుకుంటున్నాడట. స్టవ్ ఆర్పానా అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తున్నాడట. నాకు మతిమరుపు వస్తోందా, నీకేమైనా తేడా కనిపిస్తోందా, నిజం చెప్పు అని ఆమెను అడుగుతున్నాడట. చెబుతూ ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

లోపలి గదిలో బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాత క్యాలెండరు ఉంది. ఫిబ్రవరి పదకొండు నుంచి మార్చి ఇరవై రెండు వరకు ఒక్కో గడిలో ఆ రోజు తను ఇంజనుకు ఏం చేశాడో గుర్తు తెచ్చుకుని పెన్సిలుతో రాశాడు. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలే అతన్ని తినేస్తున్నాయి.

"ఇదిగో, ఇక్కడ చూడరా. ఇరవయ్యో తారీఖున ఆయిలు చెమరుస్తుంటే కవరు నట్లు బిగించాను. అప్పుడేమైనా లోపల కదిలి ఉంటుందా?"

"కవరు పైనుంచి బిగిస్తే లోపల సందు మారదు బావా."

"మారదా?" బావ ఒక ఖాళీ గడి మీద పెన్సిలు ఆనించాడు. "మరైతే నేనే విప్పి ఉంటాను. ఈ ఖాళీ రోజుల్లో ఏదో ఒకరోజు. గుర్తు రావట్లేదంతే."

"నువ్వు విప్పలేదు."

"నీకెలా తెలుసు? నీ చేయి తప్పదు. నేనేమో అన్నాను కూడా, బిగించేస్తానని. ఇక వేరే ఎవరున్నారు చెప్పు? ఆ ముసలామె చేయి విరగ్గొట్టింది నేనేరా. చేసిన పని గుర్తు లేకపోవడమే నాకు భయంగా ఉంది."

మేస్త్రి నోరు తెరిచాడు. అప్పుడే అక్క టీ తెచ్చింది. అతను గ్లాసు అందుకుని, తాగి, లేచి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి కుట్టుమిషను పక్కన ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని భార్యకు మొత్తం చెప్పాడు: గేజి, టీ, ఇరవై, పదిహేను, రాసింది అదే కదండీ అన్న మాట, క్యాలెండరు. ఆమె మిషను ఆపి చివరిదాకా విన్నది.

"రేపు పొద్దున్నే వెళ్ళండి," అంది.

"వెళితే నా పని అయిపోయినట్టే."

"మీ పని ఎప్పుడో అయిపోయిందండీ. మనిద్దరం చెప్పుకోలేదంతే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతన్ని ఎక్కువగా కుంగదీసింది.

ఏప్రిల్ అయిదున మేస్త్రి మేనేజరు గదిలో నిలబడి తప్పు తనదని చెప్పాడు. అందుకు ఎదురయ్యే కోపానికి అతను సిద్ధపడి వెళ్ళాడు, నమ్మకపోవడానికి సిద్ధపడలేదు. మేనేజరు కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించి, జాలిగా నవ్వాడు. సొంత అక్క మొగుడు, ఆ మాత్రం బాధ ఉంటుంది, కాదనను అన్నాడు. కానీ ఇరవై ఆరేళ్ళ పేరును బావ కోసం పాడు చేసుకోవద్దని హితవు చెప్పాడు. గేజి తిరగబడిందని చెప్పినా, రేకులు లెక్కపెట్టానని చెప్పినా, కథ బాగానే అల్లావు మేస్త్రీ అన్నట్టే చూశాడు. నువ్వు రేకులు లెక్కపెట్టడమేమిటి, కళ్ళు మూసుకుని తీస్తావు కదా, మేమంతా చూసినవాళ్ళమే అన్నాడు.

వేళ్ళ సంగతి అప్పటిదాకా మేస్త్రి చెప్పలేదు. అది చెప్పకుండా పని జరుగుతుందేమోనని చివరి ఆశ. ఇక చెప్పక తప్పలేదు. చెప్పినా మేనేజరు ముఖంలో అనుమానం పోలేదు.

"ఆ కొత్త గేజి ఇప్పించండి," అన్నాడు మేస్త్రి. "అందరినీ పిలవండి."

రేవు మీద, ఒకటో నంబరు లాంచి కట్టేసిన చోట, ముగ్గురు డ్రైవర్లు, టికెట్లు చింపే మనిషి, టీ కొట్టాయన చుట్టూ చేరారు. ఏం జరగబోతోందో వాళ్ళకు సరిగా తెలియదు. మేస్త్రి ఏదో పందెం కాశాడనుకుని ఒకరిద్దరు నవ్వుతున్నారు. మేస్త్రి ముఖం నది వైపు తిప్పుకుని చేయి వెనక్కి చాపాడు. ఎప్పుడూ నిలబడే తీరు అదే. మేనేజరు గేజిని ఇటూ అటూ తిప్పి, ఏ వైపు మందమో తెలియకుండా ఆ చేతిలో పెట్టి, ముప్ఫై తీయమన్నాడు.

మేస్త్రి బొటనవేలు రేకుల అంచుల మీద జారింది. ఒకప్పుడు ఆ అంచులు అతనికి వీణ తీగల్లా వేరువేరుగా పలికేవి. ఇప్పుడు గోడ మీద చేయి రాసినట్టుంది. ఒక రేకు తీసి పైకెత్తాడు.

"యాభై," అన్నాడు మేనేజరు.

మళ్ళీ పెట్టాడు. ఈసారి మేస్త్రి నిదానంగా, ఒక్కో రేకునూ రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వంగేదాన్ని బట్టి పోల్చుకుందామనుకున్నాడు; ఎంత గట్టిగా వంచుతున్నాడో తెలిస్తే కదా. ఇరవై వచ్చింది.

మూడోసారికి చాలాసేపు పట్టింది. ఓడిపోవడానికే వచ్చినవాడు, చేయి చాపాక, గెలవాలని చూశాడు. ఒక్కసారి, ఒక్క రేకయినా, పాత మాట మాట్లాడుతుందేమోనని చూశాడు. నుదుటి మీది చెమట కనుబొమలోకి దిగింది. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. తీసిన రేకు అన్నిటికంటే పలుచనిది, అయిదు పాయింట్లది. దాని అంచు బొటనవేలిని కోసి రక్తం కారుతున్న సంగతి కూడా అతనికి తెలియలేదు. టీ కొట్టాయన భుజం మీది తువ్వాలు తీసి ఆ వేలికి చుట్టి, ఇక చాలించండి బాబూ అన్నాడు మేనేజరుతో.

మేనేజరు గేజిని మడిచి జేబులో వేసుకున్నాడు.

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"ఆరోజే చెప్పాల్సిందండి," అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

"నా మొగుడికి మతి పోతోందని నేను నీ ముందు ఏడ్చాను. నువ్వు నా చేతి టీ తాగి వెళ్ళావు. కదరా?"

"అవునక్కా."

ఆమె ఇంకా నాలుగు మాటలు అనాలని వచ్చినట్టుంది. తమ్ముడి బొటనవేలికి ఉన్న కట్టును చూసింది, మరదలి వైపు చూసింది, వెనక్కి తిరిగి మెట్లు దిగింది. మరదలు దీపం పట్టుకుని వీధి మలుపు దాకా వెంట వెళ్ళి వచ్చింది.

మరుసటి వారం బావను తిరిగి లాంచి ఎక్కించుకున్నారు. మేనేజరు అతని ఇంటికే వచ్చి తాళం ఇచ్చాడు. అవతలి ఒడ్డు నుంచి ఒక కొత్త మెకానిక్కు వచ్చి, మెడకు చిన్న లైటు తగిలించుకుని, ప్రతి రేకు మీది అంకె పైకి చదువుతూ, నాలుగు ఇంజన్లకూ ట్యాపెట్లు పెట్టాడు. మూడు రోజుల పని అతనికి అయిదు రోజులు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. పాయింటు మేస్త్రిని పనిలోంచి తీసేయలేదు. ఆయిలు డబ్బాల గది తాళం ఇచ్చి అక్కడ కూర్చోమన్నారు.

ఏప్రిల్ పన్నెండున మేస్త్రి భార్యతో కలిసి అవతలి ఒడ్డు ఆసుపత్రికి బయల్దేరాడు. రేవులో ఆ వేళకు ఉన్నది రెండో నంబరు లాంచి. బావ లాంచికీ ఒడ్డుకూ మధ్య వేసిన చెక్క పలక మీద నిలబడి ప్రయాణికులను ఎక్కిస్తున్నాడు. మేస్త్రి తప్పు ఒప్పుకున్నాక ఇద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి. మేస్త్రి ఏదో అనాలని ముందే కూడబలుక్కున్నాడు. బావే ముందు మాట్లాడాడు.

"రండి. మెట్టు తడిగా ఉంది, చూసుకుని."

ఆ లాంచి ఎక్కినప్పుడల్లా మేస్త్రి నేరుగా ఇంజను గదిలోకి వెళ్ళి బావ పక్కన నిలబడేవాడు. అలవాటు చొప్పున ఆ వైపు అడుగు వేశాడు. లోపల వేడిగా ఉంటుంది, ముందు బల్ల మీద గాలి బాగా వస్తుంది, అక్కడ కూర్చోండి అన్నాడు బావ, ముసలివాళ్ళకు చెప్పినట్టు మెత్తగా. మేస్త్రి బల్ల మీద, భార్యకూ ఒక పాల క్యాను మనిషికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఇంజను స్టార్టయింది. పాదాల కింద చెక్క అదిరింది తప్ప, అక్కడికి ఇంకేమీ సరిగా వినబడలేదు. భార్య చీటీల సంచి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ ఉంది.

అవతలి ఒడ్డున అందరికంటే చివర్లో వాళ్ళిద్దరూ లేచారు. బావ చేయి చాచి, మేస్త్రి వేళ్ళు పట్టుకుని పలక మీదికి దింపాడు. ఆ పట్టు గట్టిగా ఉందో, వదులుగా ఉందో మేస్త్రికి తెలియలేదు. ముఖం చూసి తెలుసుకుందామని తలెత్తేసరికి, బావ అప్పటికే వెనక నిలబడ్డ అతని భార్యకు చేయి అందిస్తున్నాడు.